రెక్క పట్టుకోనివ్వని మధ్యాహ్నం

ఆ రోజుల్లో, విమానం నేలమీద ఉన్నంతసేపూ అది ఒక రకం బండి మాత్రమేనని నా దృఢమైన అభిప్రాయం. గాలి గురించిన చింత అంతా పైకి లేచాకే మొదలవుతుందనుకునేవాణ్ణి. అనంతపురం మెట్టల్లో, ఆషాఢమాసంలో, రెండు సీట్ల శిక్షణ విమానంలో కూర్చుని అలా అనుకోవాలంటే ఇంజనీరింగ్ పట్టా ఉండాలి (నాకు ఉండేది).

మా శిక్షణ మైదానం కాపలాదారును అందరం రేకులన్న అనేవాళ్లం; అంతకుముందు ఆయన ఇళ్లకు రేకుల కప్పులు వేసేవాడు. గాలి బలంగా ఉన్న రోజున, విమానం నేలమీద కదిలేటప్పుడు రెక్క పట్టుకుని పక్కనే నడవడం కూడా ఆయన పనే. "నెత్తిన రేకు మోసినోనికి ఇది చెప్పల్లనా అప్పా? గాలి యా పక్క నుంచి వస్తే ఆ పక్క అంచు అణచల్ల. నువ్వు తిరిగితే నీ చెయ్యీ తిరగల్ల," అనేవాడు. మా పాఠ్యపుస్తకం ఇదే సంగతిని నాలుగు బొమ్మలు వేసి చెప్పేది.

ఆ మధ్యాహ్నం నేను ఒంటరిగా ఎగిరి, దిగి, షెడ్డుకు తిరిగి వస్తున్నాను. రేకులన్న పరుగున వచ్చి, ఇంజను హోరును మించి అరిచాడు: "ఆగప్పా! రెక్క పట్టుకుంటా!" షెడ్డు నీడలో నా తోటివాళ్లు నిలబడి చూస్తున్నారు. వాళ్లముందు నడక నేర్చే పసివాడిలా కనిపించడం ఇష్టంలేక, అక్కర్లేదని చెయ్యి ఊపాను. గాలి ఎడమ ముందు నుంచి వస్తోంది. స్టిక్‌ను (రెక్కల, తోక అంచులను కదిలించే కర్రను) ఎడమకు వంచి ఉంచాను. అంతవరకూ సరే. కుడికి మలుపు తిరిగాక అదే గాలి ఎడమ వెనుక నుంచి తోయసాగింది. అప్పుడు స్టిక్‌ను కుడికి, ముందుకు నెట్టాలి. విమానం తిరిగింది, నా చెయ్యి తిరగలేదు. ఎడమ రెక్క లేచింది, తోక లేచింది, విమానం ఎంతో మర్యాదగా వంగి ఎర్రమట్టికి ముక్కు ఆనించింది. ప్రొపెల్లర్ వంకర తిరిగింది.

పెద్దసారు (మా శిక్షకుడు) వచ్చి మొదట అడిగింది నన్ను కాదు. "రెక్క పట్టుకునేవాడు యాడికి పోయినాడు?"

తప్పు నాదని తేలితే నా శిక్షణ అంతటితో సరి. అయినా నోరు తెరిచాను. ఈలోగా రేకులన్న, "నీళ్లు తాగను పోయింటి సార్. తప్పు నాదే," అన్నాడు. తెరిచిన నోరు మూసుకున్నాను.

మర్నాటి నుంచి ఆయనను పనికి రావద్దన్నారు. నా నివేదికలో గాలి దిశ, వేగం, మలుపు కోణం అన్నీ ఖచ్చితంగా రాశాను. చెయ్యి ఊపిన సంగతి రాయలేదు; చూసిన తోటివాళ్లూ చెప్పలేదు.

పైలట్ ఉద్యోగం వచ్చాక సోమందేపల్లెలో ఆయన ఇల్లు వెతికి పట్టుకున్నాను. క్షమాపణను మూడు అంశాలుగా విభజించి దారి పొడవునా వల్లెవేశాను. మొదటిది, తప్పు నాదేనని. అది పూర్తికాకముందే ఆయన నవ్వాడు. "నాకు తెలీదా ఏమప్పా? నాకు పని యాడైనా దొరుకుతాది. నీకు ఇంకో ఇమానం యాడ దొరుకుతాది? కూర్చో, టీ తాగు."

రెండోది, ఆ రోజు నాకు ధైర్యం చాలలేదని. మూడోది, ఆయన ఉద్యోగం తిరిగి ఇప్పించే శక్తి నాకు ఇప్పటికీ లేదని. ఆయన అడగలేదు; టీ తాగి, ఆ రెండింటినీ చెప్పకుండానే వెంటపెట్టుకుని వచ్చేశాను. అంత పద్ధతిగా తయారై వెళ్లిన ఆ పెద్దమనిషిని (నన్నే) తలుచుకుంటే నవ్వొస్తుంది. రెండోసారి కూడా మాట్లాడే పని రేకులన్నకే వదిలేశాడు.