సన్యాసమ్మ ఇంటి పన్ను

మా ఎదురు ఫ్లాటు సన్యాసమ్మ గారు బంగారంలాంటి మనిషి. ఈ మాట ముందుగానే ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కణ్ణుంచి ఆవిణ్ణి నేను తిట్టిన సంగతి వస్తుంది. పాఠాలు చెప్పీ చెప్పీ నాకు నోరు కాస్త పెద్దదైంది. నేను తిట్టినప్పుడల్లా ఆవిడ నవ్వేసి, సాయంత్రానికి గిన్నెడు చేపల పులుసు తెచ్చి చేతిలో పెడుతుంది. ఇంకేం తిడతాను!

నేను గవర్నర్‌పేటలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతాను. ఆవిడ చేపలమ్ముతుంది. పొద్దున్నే మార్కెట్‌కి వెళ్లి, తట్ట నింపుకుని, ఎండ ముదిరేలోపు అమ్ముకుని వచ్చేస్తుంది. ఆవిడ భర్త ఎల్లారావు కైకలూరు వైపు చెరువుల్లో వల లాగే పనికి వెళ్తాడు. మా రెండు కుటుంబాల్నీ ఎదురెదురు గుమ్మాల్లోకి తెచ్చింది మాత్రం మునిసిపాలిటీ వాళ్ల పన్ను రాయితీ.

బెజవాడ శివార్లలో మాదో చిన్న మునిసిపాలిటీ. తక్కువ ధరకి చిన్న ఇళ్లు కట్టి అమ్మే బిల్డర్లకి ఖాళీ స్థలం పన్ను మాఫీ చేస్తామని తీర్మానం చేశారు. కొన్నవాళ్లు అందులోనే కాపురముంటే కొన్నేళ్లపాటు ఇంటి పన్ను సగమే. అద్దెకిచ్చారా, రాయితీ పోతుంది. పేపర్లో ఈ వార్త చూసి నేను నమ్మలేదు. పన్ను తగ్గిస్తామంటే లెక్కలు చెప్పేవాళ్లెవరు నమ్ముతారు? సన్యాసమ్మ గారు నమ్మింది. బ్యాంకులో లోను తీసుకుని తన పేరు మీదే ఫ్లాటు రిజిస్టరు చేయించుకుంది. నాకు ఆ ధైర్యం రావడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఆ ఇల్లంటే ఆవిడకి ప్రాణం. గోడకి మేకు కొట్టాలన్నా నాలుగుసార్లు ఆలోచిస్తుంది. వంటింట్లో కుళాయి తిప్పి, నీళ్లు వస్తుంటే ఊరికే చూస్తూ నిలబడ్డం నేను చాలాసార్లు చూశాను.

మొన్న వేసవిలో శరత్‌చంద్ర అనే ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చాడు. రాయితీ తీసుకున్న ఇళ్లల్లో ఓనర్లే ఉంటున్నారా లేదా అని చూడటం అతని పని. నేను కాలేజీలో ఉన్నాను. సన్యాసమ్మ గారు గుమ్మంలో కూర్చుని రొయ్యలు ఒలుస్తోందట.

"ఇల్లు ఎవరిదమ్మా?" అని అడిగాడతను.

"మాది కాదు బాబూ. చుట్టాలిల్లు. రెండ్రోజులుండి పోతాం."

అతను రాసుకుని వెళ్లిపోయాడు. కొద్దిరోజులకే నోటీసు వచ్చింది. ఓనరు ఆ ఇంట్లో ఉండటం లేదు గనక రాయితీ రద్దు, ఇంతవరకూ తగ్గించిన పన్నంతా జరిమానాతో కలిపి కట్టాలి. ఆవిడ ఆ కాగితం నా చేతికిచ్చి చదవమంది. చదివేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

"మీది కాదని మీ నోటితో మీరే చెప్పారా?"

"చెప్పానండీ."

"మతిగానీ పోయిందా మీకు? సొంత ఇల్లు పెట్టుకుని ఎవరైనా అలా అంటారా?"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "నోట్లోంచి అదే వచ్చేసిందండీ టీచరుగారూ. కాలవ గట్టు మీద ముప్పయ్యేళ్లు పాకలో ఉన్నాం. పుస్తకం పట్టుకుని ఎవరొచ్చినా గట్టు గట్టంతా అదే మాట అనేవాళ్లం. మాదంటే పాక పీకేసేవోళ్లు. చుట్టాలిల్లంటే, ఓనరొచ్చాక వస్తామని తిరిగెళ్లిపోయేవోళ్లు. మా పిల్లలకి మాటలు రాంగానే నేర్పింది కూడా అదేనండీ."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. చాలా బాధేసింది. లోను వాయిదాల మీద ఈ బరువు కూడా పడితే ఆవిడ మోయలేదు. ఫ్లాటు ఎవరికైనా అద్దెకిచ్చేసి మళ్లీ గట్టు మీదకే పోదామని ఎల్లారావు అప్పుడే అనడం మొదలుపెట్టాడు.

రాయితీ తీసెయ్యొద్దని ఇద్దరం కలిసి అర్జీ పెట్టాం. ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చి చూస్తాడన్నారు. నేను ఊరుకుంటానా? మెట్ల మీద ఎదురైతే అడిగాను, డాబా మీద బట్టలారేస్తుంటే అడిగాను, "ఇల్లు ఎవరిది?" అని. నా దగ్గర ఆవిడ టకీమని "నాది" అనేది. పరీక్షకి బాగా తయారైందని మురిసిపోయి, అతనొచ్చే రోజుకి కాలేజీకి సెలవు కూడా పెట్టాను.

శరత్‌చంద్ర వచ్చి గుమ్మం బయటే నిలబడి రేషన్ కార్డు, గ్యాసు పుస్తకం, కరెంటు బిల్లు అన్నీ చూశాడు.

"కాగితాలు సరిగానే ఉన్నాయండి. కానీ పోయినసారి మీరే కాదన్నారు. అందుకని మీరే చెప్పాలి. ఈ ఇల్లు ఎవరిది?"

అతని చేతిలో పుస్తకం తెరిచి ఉంది. సన్యాసమ్మ గారి చూపు దాని మీద పడింది. ఇక అక్కణ్ణుంచి కదల్లేదు. నేను చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. ఎల్లారావు మాత్రం ఆగలేక, "మాదేనండి" అంటూ ముందుకొచ్చాడు.

"నువ్వూరుకో మావా. రిజిస్ట్రేషను నా పేర్న ఉంది," అంది ఆవిడ. ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "నాదండీ. ఈ ఇల్లు నాది."

"సరేనమ్మా, రాయితీ ఉంచమని రాస్తాను. గదులొకసారి చూసి వెళ్తా," అంటూ అతను గడప లోపలికి కాలు పెట్టాడు.

"ఆగండాగండి!" సన్యాసమ్మ గారు పెట్టిన కేకకి నేనే ఉలిక్కిపడ్డాను. "బూట్లు బయట విప్పి రండి. ఇప్పుడే తుడిచాను."

అతను గబుక్కున వెనక్కి తగ్గి, గోడ పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి లేసులు విప్పుకున్నాడు. ఆవిడ తలుపు పక్కన నిలబడి రెండో బూటు కూడా విప్పేదాకా చూసింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఎల్లారావు మాత్రం గుమ్మం బయట ఉన్న ఆ బూట్ల జత వంకే చూస్తూ ఉండిపోయాడు.