పోతేనో మేడం, బడి కిటికీలు

ఆమె అసలు పేరు ఫ్యాక్టరీ హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడేది కాదు. అందరికీ ఆమె "పోతేనో మేడం". ఎవరు ఏ ఏర్పాటు గురించి చెప్పినా ఓపిగ్గా చివరిదాకా విని, "బాగానే ఉంది గానీ, అది పనిచేయకపోతేనో?" అని అడగడం ఆమెకు అలవాటు. సేఫ్టీ ఇంజనీరుకి జీతమిచ్చేదే అందుకు. కాకపోతే ఆమె భయం ఉద్యోగంతో మొదలైంది కాదు. గ్యాస్ కట్టేశానో లేదోనని వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చే మనిషి. "మా కోడలు తాళం వేసిందంటే పాపం ఆ తాళానికి ఒళ్ళు హూనమే, అన్నిసార్లు లాగుతుంది" అని అత్తగారు ఇరుగుపొరుగుతో చెప్పి నవ్వేది.

భర్త మాస్టారు. ఆయన పాఠాలు చెప్పే బడి ఫ్యాక్టరీ ప్రహరీ గోడకు అవతలే ఉంది.

ఆ ఏడు కొత్తగా వచ్చిన మేనేజరు ఆమెను పిలిచి, ట్యాంకర్లలోంచి అమోనియా దింపే చోటికి "బో టై" బొమ్మ గీయమన్నాడు. మెడకు కట్టుకునే ముడిలాగే ఉంటుంది కాబట్టి దానికా పేరు. కాగితాలు ఇంటికి తెచ్చుకుని భోజనాల బల్ల మీద పరిచింది. పక్కనే మాస్టారు పిల్లల కాపీలు దిద్దుతున్నారు.

"ఏమిటిది? ఎవరికైనా సూటు కుట్టిస్తున్నావా?" అన్నారు మాస్టారు తొంగి చూసి.

"నవ్వకండి. ఈ నడిమి ముడి దగ్గర అమోనియా బయటపడిందనుకోండి. ఎడమవైపున్నవి అలా బయటపడటానికి కారణాలు. గొట్టం పాతబడి పగలడం, గొట్టం తగిలించి ఉండగానే ట్యాంకరు కదలడం, అలాంటివి. ఒక్కో కారణం ముడి దాకా రాకుండా ఒక్కో అడ్డు పెడతాం."

"మరి కుడివైపు?"

"అన్నీ దాటి బయటపడ్డాక ఎవరికి ఏమవుతుందో అది. అక్కడా అడ్డులే. వాల్వు మూయడం, గ్యాసును దాటనీకుండా నీళ్ళ తెర లేపడం, సైరన్ మోగించడం."

మాస్టారు కళ్ళద్దాలు సర్దుకుని కుడివైపు చిట్టచివరి గడిలోకి చూశారు. అక్కడ "బడి" అని రాసి ఉంది.

"దీని ముందున్న ఈ ఆఖరి అడ్డు ఏమిటి?"

"మొదటి సైరన్ వినగానే పిల్లల్ని గదుల్లోకి తీసుకెళ్ళి తలుపులూ కిటికీలూ బిగించడం. ప్రమాదం తప్పిందని రెండో సైరన్ మోగేదాకా ఎవరు పిలిచినా తెరవకపోవడం. అది మీ పని."

"మా కిటికీలు అసలు మూసుకోవు కదా! తెరిచి ఉంచి రంగులేసినప్పుడు అలాగే అతుక్కుపోయాయి. చిన్నపిల్లల గదిలోవాటికైతే రెక్కలే లేవు."

"ఇన్నాళ్ళూ నాకో మాట చెప్పలేదేం?"

"కిటికీల సంగతులు ఇంట్లో చెప్పుకుంటారని నాకేం తెలుసు?"

మర్నాడు మేనేజరు ముందు కూర్చుంది. ఆయన చెడ్డవాడేమీ కాదు, కానీ తలనొప్పులంటే గిట్టవు. "బడి మన గోడ అవతలిది. మనం చెయ్యి పెడితే సవాలక్ష అడుగుతారు. ఉత్తరం రాద్దాం. ఈలోపు బొమ్మలో ఆ అడ్డు ఉండనివ్వండి" అన్నాడు.

"లేని అడ్డు ఎలా గీయను సార్?" అని ఆయన ఎదుటే దాన్ని చెరిపేసింది. సైరన్ దగ్గర్నుంచి బడి దాకా గీత ఖాళీగా సాగిపోయింది.

మేనేజరు ఆ గీతను చాలాసేపు చూశాడు. "మీ ఆయన అక్కడ ఉన్నారనేగా ఇంత పట్టుదల?"

ఆ మాట ఆమెకు చురుక్కుమంది. తనకు తాను ఎన్నోసార్లు వేసుకున్న ప్రశ్న అది. ఏది ప్రమాదమో, ఏది తన పిరికితనమో విడదీయడం ఆమెకెప్పుడూ పూర్తిగా చేతకాలేదు.

"ఏమో సార్, అయ్యుండొచ్చు. కానీ కిటికీ మూసుకుంటుందో లేదో నా భయాన్ని అడగక్కర్లేదు. వచ్చి తోసి చూడండి."

వచ్చాడు. చొక్కా చేతులు మడిచి తోశాడు. కిటికీ ససేమిరా అంది. ఆ సాయంత్రమే వడ్రంగిని పురమాయించాడు.

వడ్రంగి పనిమంతుడే, కాకపోతే నింపాది మనిషి. అతుక్కున్న రెక్కలు గీకి, గొళ్ళేలు మార్చాడు. చిన్నపిల్లల గదికి మాత్రం కర్ర రాలేదు. "ఇవాళా రాలేదా?" అని ఆమె రోజూ అడగడం, "వచ్చేస్తుందమ్మా, దారిలో ఉంది" అని అతను చెప్పడం మామూలైపోయింది. ట్యాంకరు లోపలికొచ్చిన ప్రతి రోజూ ఆమెకు అన్నం సయించేది కాదు.

ఆ రోజు ఎండ మండిపోతోంది. ట్యాంకరుకు తగిలించిన రెండు గొట్టాల్లో ఒకటి విప్పడం డ్రైవరు చూశాడు. రెండూ విప్పేశారనుకుని బండిని నీడలోకి జరుపుదామని ఎక్కాడు. తాళంచెవి గేటు దగ్గర ఇచ్చేశాడు గానీ జేబులో ఇంకోటుంది. చక్రాల కింది దిమ్మలు అప్పటికే అతనే తీశాడు. బండి కదిలింది. గొట్టం తెగింది.

కంట్రోల్ రూమ్ కిటికీలోంచి ఆమెకు కనిపించింది తెల్లటి మబ్బు. నేలను అంటుకుని పాకుతోంది. గాలి ఎటు వీస్తోందో చూపే స్తంభం మీది గుడ్డ సంచి గోడ వైపే, బడి వైపే చాచుకుని ఉంది.

ఆపరేటరు మీట నొక్కాడు. ట్యాంకరు వైపు వాల్వు మూసుకుంది. ఫ్యాక్టరీ వైపుది సగంలో ఇరుక్కుంది. సైరన్ మోగింది. చిన్నపిల్లల గదే ఆమె కళ్ళ ముందు ఆడింది. ఫోను చేద్దామంటే ఆ లైను అగ్నిమాపక దళానికి ఖాళీగా ఉంచాలి. ఆ నియమం పెట్టింది తనే.

మైకు అందుకుంది. "నీళ్ళ తెర గోడ వైపు తిప్పండి. మాస్కు వేసుకుని ఇద్దరు వెళ్ళండి, వాల్వు చేత్తో మూయాలి. ఒక్కరే వెళ్ళొద్దు."

"మేడం, మీరు బడికి వెళ్ళండి. నేను చూసుకుంటాను" అన్నాడు ఆపరేటరు మెల్లగా.

వెళ్ళాలని ఒళ్ళంతా పీకుతోంది. "వాల్వు మూసుకోనీ" అంది. ఆ కాసేపూ ఆమెకు ఒక జన్మలా గడిచింది.

"మూసేశాం!" అని రేడియోలో కేక వినబడేసరికి మేనేజరు పరుగున వచ్చి మైకు అందుకున్నాడు. "గాలి కొలతలు నేను చూస్తాను. మీరు వెళ్ళండి."

మాస్కు తగిలించుకుని పరిగెత్తింది. చిన్నపిల్లల గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఒక్క పురుగు లేదు. అప్పుడు పెద్ద గది లోంచి దగ్గులు వినబడ్డాయి. వెళ్ళి దబదబా బాదింది. తలుపు కింద తడిగుడ్డలు కుక్కి ఉన్నాయి.

"నేనండీ, తెరవండి!"

"పిల్లలందరూ ఇక్కడే ఉన్నారు. రెండో సైరన్ మోగలేదు, తెరవను" అన్నారు మాస్టారు లోపల్నుంచి.

"నేనంటుంటే!"

"నువ్వే కదా ఎవరు పిలిచినా తెరవద్దన్నావు! ముందు నువ్వు అవతలికి పో!" ఆయన గొంతులో అంత కోపం ఆమె ఏనాడూ వినలేదు.

ఆమె నడవ చివర మెట్టు మీద కూలబడింది. నవ్వో ఏడుపో తెలియకుండా పొంగుకొచ్చింది. రెండో సైరన్ మోగాక తలుపు తెరుచుకుంది. మాస్టారు పిల్లల్ని ఒక్కొక్కరి తలా తాకి లెక్కపెట్టుకున్నాకే భార్య వైపు తిరిగి ఆమె భుజం మీద చెయ్యి వేశారు. కొందరు పిల్లలకు దగ్గు పట్టుకుంది. డాక్టరు సాయంత్రం దాకా కనిపెట్టి ఇళ్ళకు పంపేశాడు.

డ్రైవరుకే దెబ్బ తగిలింది. కళ్ళు కాలాయి. ఒకటి తేరుకుంది, రెండోదానికి చూపు మసకబారిపోయింది. ఆమె ఆసుపత్రికి వెళ్తే, "తాళంచెవి రెండోది మా డ్రైవర్లందరి దగ్గరా ఉంటుందమ్మా. మొదటిది పోతే దారిలో దిక్కెవరు?" అన్నాడు. అతన్ని తప్పుపట్టడానికి ఆమెకు నోరు రాలేదు. తిరిగొచ్చి, గొట్టం తగిలి ఉన్నంతసేపూ ట్యాంకరు ముందు ఇనుప గేటు దించి ఉంచాలని పట్టుబట్టింది. అతనికి అదే ఫ్యాక్టరీలో స్టోర్సులో పని ఇప్పించడానికి మేనేజరు వెంట పడి తిరిగింది.

ఫ్యాక్టరీలో ఆమె మాటకు ఇప్పుడు ఎదురు లేదు. ఏమడిగినా, "అలాగే మేడం" అంటున్నారు. అదే ఆమెకు కొత్త దిగులు: తనే పొరబడితేనో? నిన్న పంపుల గదిలో ఒక ఫిట్టరు "అది అక్కర్లేదు మేడం, దండగ" అని అడ్డం తిరిగితే, ఆమె స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. "ఎందుకు అక్కర్లేదో చెప్పు బాబూ" అంది.