దిగువ వీధికి పోయిన నీళ్లు

ఫైరింజన్‌లో పైపు పట్టే ఉద్యోగం ఆయనది. ఎండాకాలంలో కుళాయిలు మొరాయిస్తే, ట్యాంకులో మిగిలిన నీళ్లు పేటవాళ్ల బిందెల్లో పోసి వెళ్లేవాడు. అందుకని అందరూ ఆయన్ని వానాయన అనేవాళ్లు. తల్లి పోయాక ఆయన్ని పెంచి పెద్ద చేసిన అక్క కూడా ఆ పేరుతోనే పిలిచి నవ్వేది. ఆమె ఇల్లు దిగువ వీధిలో ఉంది. గుమ్మం దిగితే మురుగు కాలవే.

ఒకరోజు పొద్దున్నే ఎగువ కూడలిలో యాసిడ్ ట్యాంకర్ బోల్తా పడింది. ఫైరింజన్ వెళ్లేసరికి రోడ్డంతా నురగలు కక్కుతోంది, ఘాటైన పొగ లేస్తోంది. డ్రైవర్ను బయటికి లాగి ఆసుపత్రికి పంపారు. అసలు గొడవ ఆ తర్వాతే మొదలైంది.

కాలుష్య శాఖ అధికారి ముక్కుకు రుమాలు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

"నీళ్లు కొట్టకండి. చుట్టూ ఇసుక కట్ట వేసి సున్నం చల్లాలి," అన్నాడు.

"సున్నం ఎవరు తెస్తారు?" అని అడిగాడు ఫైర్ స్టేషన్ ఆఫీసరు.

"మున్సిపాలిటీ."

మున్సిపాలిటీకి ఫోన్ చేస్తే ఆ రోడ్డు తమది కాదు, రోడ్ల శాఖది అన్నారు. రోడ్ల శాఖవాళ్లేమో గుంత పడితే పూడుస్తాం గానీ, ఒలికినవి ఎత్తడం మా పని కాదన్నారు. ఈలోగా బండ్లు బారులు తీరాయి. ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు పరుగున వచ్చాడు.

"పెద్దాయన కారు వస్తోంది. ఏదో ఒకటి చేసి దారివ్వండి, మీకు దణ్ణం పెడతా!"

ఆఫీసరు వానాయన వైపు తిరిగి, "కొట్టెయ్," అన్నాడు.

"సార్, అదంతా కాలవలోకి పోతుంది. కింద జనం ఉన్నారు. మా అక్క అక్కడే ఉంటుంది సార్."

"కాలవ మనది కాదయ్యా. రోడ్డు తెరిస్తే మన పని అయిపోయినట్టే."

వానాయన పక్కకెళ్లి అక్కకు ఫోన్ చేశాడు. "అక్కా, తలుపులు వేసుకుని మేడ మీదివాళ్ల దగ్గరికి వెళ్లిపో. కాలవ దగ్గరికి మాత్రం పోకు."

"ఏమైందిరా? అంత కంగారేంటి?"

"చెప్పింది చెయ్యక్కా, నీ కాళ్లు పట్టుకుంటా!"

ఫోన్ జేబులో పెట్టుకుని పైపు అందుకున్నాడు. కాసేపటికి కూడలి అద్దంలా మెరిసింది. అందరికంటే ముందు పెద్దాయన కారు దూసుకుపోయింది.

అక్క మేడ ఎక్కలేదు. కాలవ గట్టున పిల్లలు ఆడుకుంటున్నారు. ఇంటింటి తలుపూ తట్టి జనాన్ని లేపింది, పిల్లల్ని రెక్క పట్టుకుని ఇళ్లలోకి తోసింది. చివరి పాపను చంకనేసుకుని వస్తూ, కాలవలోంచి లేచిన పొగలో కూలబడింది. పిల్లలకు ఏమీ కాలేదు. ఆమె ఊపిరితిత్తులు మాత్రం దెబ్బతిన్నాయి.

ఆసుపత్రిలో మాట పెగిలాక తమ్ముణ్ణి ఆమె అడిగిన మొదటి మాట ఇది: "నీళ్లు కొట్టింది ఎవర్రా?"

"నేనే అక్కా."

"కిందికి వస్తాయని తెలిసేనా?"

"తెలిసే. అందుకేగా నీకు ఫోన్ చేశాను."

"నాకు చేశావు. మిగతావాళ్లకు ఎవరు చేస్తారనుకున్నావు?"

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

విచారణకు వచ్చినవాళ్లు, ప్రమాదం జరిగింది కూడలిలో కాబట్టి దిగువ వీధికి దాంతో సంబంధం లేదని తేల్చారు. ఆమె ఆయాసం వయసు వల్ల వచ్చిందట. రోడ్డు తొందరగా తెరిచినందుకు స్టేషన్‌లో మెచ్చుకోలు సభ పెట్టారు. వానాయనను మాట్లాడమంటే లేచి, "ఊడ్చి అవతలివాళ్ల గుమ్మంలో పోశాం. దానికి చప్పట్లా?" అన్నాడు. మర్నాటి నుంచి ఆయనకు తడి పైపులు ఆరబెట్టే పని అప్పగించారు. కూడలిలో ఇంకో ట్యాంకర్ ఒలికినప్పుడు, వేరే మనిషి పైపు పట్టాడు. నీళ్లు మళ్లీ అటే పోయాయి.

సెలవు దొరికినప్పుడల్లా ఆయన భార్యను వెంటబెట్టుకుని అక్క ఇంటికి వెళతాడు. ఆమె తలుపు తీస్తుంది, కుర్చీ జరుపుతుంది.

"మరదలా, మీ ఆయన్ని కూర్చోమను," అంటుంది.

"మీరే అనొచ్చుగా వదినా," అంటుంది భార్య.

అక్క మరదలి వైపే తిరిగి కూర్చుంటుంది. ఆయన కూర్చుంటాడు. వదినా మరదళ్లు మాట్లాడుకుంటుంటే, మాటకూ మాటకూ మధ్య అక్క ఊపిరి ఈల వేసినట్టు వినిపిస్తూ ఉంటుంది.