అచ్చాయమ్మ కట్టిన దడి

నరసాపురానికి దిగువన, సముద్రపు ఒడ్డున ఉన్న మా పేటలో అచ్చాయమ్మది చివరి ఇల్లు. ఆ వెనకే ఇసుకదిబ్బ. ఏటా వేసవి గాలికి దిబ్బ ముందుకు జరుగుతుంటే, ఆవిడ పొద్దున్నే వాకిట్లో ఇసుక తట్టతో ఎత్తిపోసేది. లేసు అల్లిన డబ్బుతో కట్టుకున్న ఇల్లు. ఖాళీ చేయమన్నవాళ్లను తిట్టిపోసేది.

నిరుడు దుర్గాశ్రీ అనే పరిశోధకురాలు వచ్చింది. ఇసుక తూకం, గాలి వేగం కంప్యూటర్‌కిస్తే ఐదేళ్లలో దిబ్బ ఎక్కడికి చేరుతుందో గీసి చూపిస్తుందట. ప్రమాదం ఎక్కువని తేలిన పేటకే ముందుగా ఇసుకను ఆపే సరుగుడు తోట వేస్తారు. దిబ్బ మీద ఇసుక పట్టే గొట్టం పాతి, రోజూ అందులో పడ్డ ఇసుకను తూచి ఫోన్‌లో పంపే పని అచ్చాయమ్మకు అప్పగించింది.

"మీ తూకమే ఆధారమండి. ఒక్క రోజు కూడా మానకండి" అని వెళ్లిపోయింది.

అచ్చాయమ్మ జ్వరంలోనూ మానలేదు. కానీ మేకలు ఆ గొట్టాన్ని రెండుసార్లు పడదోశాయి. మా వైపు కొబ్బరి మొక్క పెట్టినా, పొట్లపాదు పెట్టినా చుట్టూ తాటాకు దడి కట్టందే మనసొప్పదు. ఆవిడా గొట్టం చుట్టూ నడుమెత్తు దడి కట్టింది, సందు లేకుండా. గాలికి కొట్టుకొచ్చే ఇసుక ఆ దడి బయటే ఆగిపోయింది. గొట్టంలో చిటికెడు పడేది. వాకిట్లో ఇసుక మాత్రం తగ్గలేదు. తనను అడిగింది తూకమే గనక ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కంప్యూటర్ మా పేటకు భయం లేదంది. సరుగుడు మొక్కలు పక్క ఊరికి వెళ్లిపోయాయి. ఈ మే నెల గాలికి అచ్చాయమ్మ నుయ్యి పూడింది, పెరటిగోడ ఇసుక బరువుకు ఇంట్లోకి కూలింది.

అప్పుడొచ్చింది దుర్గాశ్రీ. దిబ్బ ఎక్కి ఆగిపోయింది.

"ఈ దడి ఎవరు కట్టారండి?"

"నేనేనమ్మా. మేకలు పాడుచేత్తన్నాయని. ఎంత గట్టిగా కట్టానో చూడండి."

ఆ పిల్ల తల వంచుకుని, గొట్టంలోకి ఇసుక రాకపోవడానికి కారణం ఆ దడేనని చెప్పింది. పక్కనే ఉన్న నాకు ఒళ్లు మండింది. ఏడాదిలో ఒక్కసారి వచ్చి చూస్తే ఏం పోయేది? అచ్చాయమ్మ మాత్రం ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు.

"అయితే నా ఇల్లు నేనే పూడ్చుకున్నానన్నమాట" అంది.

దడి తనే పీకేసింది. మర్నాడు పొద్దున్నకి గొట్టం అంచుదాకా నిండింది. కూలిన గోడ పక్కన కూర్చుని తూచింది. మూడు కిలోల నూట యాభై గ్రాములు. ఫోన్‌లో పంపి, సామాను సర్దుకోవడం మొదలుపెట్టింది.