మేనమామ అంగట్లో ఆముదం

తాయమ్మకు తొలిచూలు బిడ్డ. యుద్ధం రోజుల్లో దేంట్లో ఏం కలుపుతారో అని, బిడ్డకు కొనే ప్రతి వస్తువునూ పరీక్ష చేసేది. సాంబ్రాణిని నిప్పుల మీద వేసి చూసేది. వసకొమ్ము కొరికి చూసేది. ఆముదాన్ని మణికట్టుకు రాసుకుని వాసన పట్టేది. నాయుడుపేట అంగళ్లవాళ్లు ఆమె వస్తాంటేనే విసుక్కునేవాళ్లు. ఒక్క అన్న గంగాధరం అంగట్లో మాత్రం మణికట్టు చాపేది కాదు. మేనమామ ఇచ్చే ఆముదానికి పరీక్షేంది?

ఆ ఆముదానికే బిడ్డ ఒళ్లంతా పొక్కింది. బిడ్డనెత్తుకుని అన్న దగ్గరికి పరుగెత్తింది. గంగాధరం తల గోక్కుని, ఇంట్లోనుంచి వేరే జాడీ తెచ్చినాడు.

"ఇది పూయి తాయీ. మా పిల్లోడికి ఇదే పూసేది."

తాయమ్మ మొదటిసారి అన్న ముందర మణికట్టు చాపింది. వాసన చూసింది. ఆముదం మంచిదే. అందుకే ఇంక ఆ అంగడి మెట్లెక్కలేదు.