ఎర్ర మూత పైకి

ఆ ప్రయోగశాలలో అందరూ ఆయన్ని గొట్టాలాయన అనే పిలుస్తారు. ఆసుపత్రివాళ్లు వద్దనుకున్న పాత ఎం.ఆర్.ఐ. యంత్రం ఒకటి అక్కడుంది. మనుషుల్ని పడుకోబెట్టే బల్ల మీద ఆయన మట్టిని పడుకోబెడతాడు. గజం పొడవు ప్లాస్టిక్ గొట్టాన్ని నేలలోకి దిగ్గొట్టి, మట్టి చెదరకుండా పైకి లాగి, రెండు కొసలకీ మూతలు బిగిస్తాడు. పైకొసకి ఎర్ర మూత, అడుక్కి నల్ల మూత. బల్ల మీద గొట్టం అడ్డంగా ఉంటుంది కనుక ఏది పైభాగమో, ఏది అడుగో చెప్పేవి ఆ మూతలే. మట్టిలో నీళ్లెక్కడున్నాయో యంత్రం బొమ్మ గీసి చూపిస్తుంది. రాగి కలిసిన నీళ్లయితే మరింత తెల్లగా మెరుస్తాయి. ఇరవై రెండేళ్లలో ఒక్క మూత కూడా తారుమారు కాలేదని ఆయన గొప్ప. ఆ గొప్ప వినీ వినీ అందరి చెవులూ చిల్లులు పడ్డాయి.

ఇంట్లో ఆయనా, అక్కా. తల్లి పోయాక ఆయన్ని సాకి ఇంతవాణ్ని చేసింది ఆవిడే. వాళ్ల వీధి వెనకాల లోహాలకు రాగి పూత పూసే ఫ్యాక్టరీ ఒకటి ఏళ్ల తరబడి మురుగు వదిలి వదిలి మూతపడింది. పెరట్లో చేతిపంపు ఉంది. కానీ ఆ నీళ్లు తాగొచ్చో లేదో తేలేదాకా వీధి చివర ట్యాంకరు దగ్గర బిందెతో నిలబడాల్సిందే. అక్క మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి. పంపు పక్కన మూడు గొట్టాలు దింపిందీ మన గొట్టాలాయనే. బొమ్మల్లో మెరుపంతా ఎర్ర మూత వైపే కనబడింది. విషం పైపైనే ఆగింది, అడుగు శుభ్రం, తాగండి అని నివేదిక వచ్చింది. ఆయన వీధంతా చాటింపు వేసి, మొదటి చెంబు తన చేత్తోనే పట్టి అక్కకిచ్చాడు.

"చేదుగా ఉందిరా," అంది ఆవిడ ఒక గుక్క తాగి.

"కోట్ల ఖరీదు చేసే యంత్రం కంటే నీ నాలుకే గొప్పా? తాగక్కా!"

ఆవిడ తాగింది. నెల తిరక్కుండానే కడుపులో తిప్పడం, వాంతులు. "నీళ్లేరా, నీళ్లే," అని ఆవిడ అంటే, "వయసైపోతోందక్కా నీకు," అని కొట్టిపారేసేవాడు. పైగా పక్కింటావిడతో, "మా అక్కకి పని ఎగ్గొట్టడానికి రోజుకో వంక కావాలండీ," అని పళ్లికిలించాడు. ఆ మాట గోడవతల అక్కకి వినబడుతూనే ఉంది. ఆవిడ చిక్కి సగమైంది. అయ్యగారు మాత్రం ప్రయోగశాలలో వడపోసిన నీళ్లు రోజూ సీసాలో తెచ్చుకు తాగేవాడు. అలవాటట!

ఆరో నెలలో పాత గొట్టాలు ఖాళీ చేస్తూ, తన పెరటి గొట్టం నల్ల మూత తీశాడు. లోపల ఎండిన గడ్డి దుబ్బు. దాని వేళ్లు మట్టిలోకి పాకి ఉన్నాయి. గజం లోతున గడ్డి మొలుస్తుందా? రెండోది తీశాడు, మూడోది తీశాడు. మూడూ అంతే. పెరట్లో మట్టి తీసిన రోజు వాన దంచికొడుతుంటే గొట్టాలు వ్యానులో పడేసి, ఆఫీసుకొచ్చాక తీరిగ్గా మూతలు పెట్టాడు. కొసలు రెండూ బురదే, చూసుకోలేదు. అడుగునున్న విషాన్ని చేజేతులా పైకి తెచ్చి చూపించాడు.

వెళ్లి చెబితే ప్రయోగశాల డైరెక్టరు తల కూడా ఎత్తలేదు. "మూతలు పెట్టిందెవరు?"

"నేనేనండి."

"మరింకేం? మీ తప్పుకి మీరే దండోరా వేసుకుంటారా? వచ్చే ఏడు రిటైర్మెంటు పెట్టుకుని! మట్టి పారబోసి గొట్టాలు కడిగెయ్యండి."

సిగ్గులేని మనిషి, రెండు గొట్టాలు కడిగేశాడు కూడా. మూడోది కడగడానికి చేతులు రాక, చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు. పంపు దగ్గర వీధివాళ్ల బిందెలు ఏడెనిమిది వరసలో ఉన్నాయి. అక్క వరండాలో మంచం మీద ముడుచుకుని ఉంది. ఆయన గడ్డి చూపించి, జరిగిందంతా చెప్పి, పసివాడిలా ఏడ్చాడు.

ఆవిడ ఏడవలేదు. "ఆర్నెల్లుగా చెబుతూనే ఉన్నాను కదరా," అంది. గోడ పట్టుకుని లేచి, మంచం కింది చెంబులోంచి గ్లాసు నిండా నీళ్లు వంచి ఆయన చేతికిచ్చింది.

"తాగు."

"అక్కా, ఇవి..."

"నీ సీసా నేను చూడలేదనుకున్నావా? తాగు. తాగి అప్పుడు వెళ్లి వాళ్లకి చెబుదువుగాని."

ఆయన తాగాడు. నాలుక మీద పాత నాణెం పెట్టుకున్నట్టుంది. మిగిల్చిన చుక్క కూడా తాగేదాకా ఆవిడ కళ్లార్పలేదు.

"ఎలా ఉంది?"

"చేదుగా ఉందక్కా."

"వయసైపోతోందిరా నీకు," అని ఆవిడ రెండో గ్లాసు నింపింది.