బ్లూ నార్తర్ వస్తుందని తెలిసీ

టెక్సస్ వాళ్లకి ఒక గాలి ఉంది. దాన్ని బ్లూ నార్తర్ అంటారు. ఉత్తరం నుంచి వస్తుంది కనుక నార్తర్. ఆ బ్లూ ఎందుకో మాత్రం ఎవరూ తేల్చలేదు. గాలికి ముందు ఆకాశం అంచున కనిపించే నల్లనీలం గీత వల్లనని కొందరు, మబ్బుల్ని ఊడ్చేశాక మిగిలే నీలాకాశం వల్లనని కొందరు, చలికి ఒళ్లు నీలబడుతుంది కనుకనని ఇంకొందరు. ఎండ కాస్తుండగానే వచ్చి గంటలో చలికాలం చేసేస్తుంది. ఇదంతా డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో మా పక్కింటి ముసలాయన చెప్పాడు.

2009లో ప్రాజెక్ట్ లేక ఇంట్లో కూర్చున్నాను. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందులో ఈ సంగతి చెప్పబోతే, అక్కడి తెలుగువాళ్లందరికీ పెద్దదిక్కులాంటి అన్న అడ్డం తగిలాడు. "ప్రాజెక్ట్ లేనోడికి గాలి కబుర్లు మస్తు దొరుకుతయ్ తమ్ముడూ."

అందరూ నవ్వారు. నా భార్య కూడా. ఆ నవ్వును వారాల తరబడి నెమరేసుకున్నాను. ఆయన అంతమంది ముందూ తల దించుకోవాలి. అదొక్కటే కోరిక.

కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే ఆయనే పెట్టాడు, లేక్ పక్కన పార్కులో. ముందురోజు ఫోన్ చేసి, వెదర్ చూశావా, చలికోట్లు తెచ్చుకోమని అందరికీ మెయిల్ పెట్టనా అని అడిగాడు. మధ్యాహ్నానికి నార్తర్ దిగుతుందని అప్పుడే టీవీలో చూశాను. అక్కర్లేదు, ఎండే అన్నాను.

వడ్డన మొదలయ్యేసరికి ఉత్తరాన ఆ గీత కనిపించింది. దాన్నే చూస్తూ పులిహోర తిన్నాను. అంత రుచిగా ఎన్నడూ తినలేదు. గాలి ఒక్కసారిగా మీద పడింది. ప్లేట్లు ఎగిరిపోయాయి. కుండీలో తెచ్చిన ఉసిరి మొక్క పడి విరిగింది. పట్టులంగాల్లో పిల్లలు వణుకుతూ ఏడ్చారు. ఆయన ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, తప్పు తనదేనని, ఫోర్‌కాస్ట్ సరిగా చూసుకోలేదని చెప్పుకున్నాడు. నా పేరెత్తలేదు. నాకు చాలలేదు. ఇంకా వంగాలి అనిపించింది.

మా అమ్మాయి పళ్లు చలికి టకటకలాడుతుంటే కార్ ట్రంక్ తెరిచాను. మా ముగ్గురి చలికోట్లూ అందులో ఉన్నాయి. నా భార్య వాటిని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ముందే తెలుసు కదా మీకు."

అమ్మాయికి ఒకటి తొడిగి, మిగతా రెండూ పట్టుకెళ్లి ఆయన పిల్లలకి కప్పింది.

ఆయన వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వొక్కడివన్నా తెచ్చినవ్ తమ్ముడూ."

నా భార్య వింటూ నిలబడింది. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మళ్లీ రాలేదు.

"కార్‌లో ఎప్పుడూ పడుంటాయన్నా" అన్నాను.

బయల్దేరేటప్పుడు ఆమె ముందు సీటు తలుపు తెరిచి, మళ్లీ మూసేసి, వెళ్లి వెనక అమ్మాయి పక్కన కూర్చుంది.